పుణ్యస్నానాల ఏర్పాట్లలో సునామీకీ చోటుండాలి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

కార్తీక పౌర్ణమికి మచిలీపట్నం దగ్గరి మంగినపూడి బీచ్‌లోనూ, మాఘ పౌర్ణమికి కృష్ణానది కడలిలో కలిసే హంసలదీవి సాగరసంగమం వద్దా జరిగే సముద్రస్నానాల ఏర్పాట్ల గురించి ఏటా పత్రికల్లో చదువుతూనే ఉంటాం. గజ ఈతగాళ్లు, బారికేడ్లు, బట్టలు మార్చుకునే గదులు, ప్రత్యేక బస్సులు, వైద్య శిబిరాలు అన్నీ ఆ వార్తల్లో ఉంటాయి. సునామీ హెచ్చరిక వస్తే అక్కడ చేరిన వేలాది జనం ఏ దారిన, ఎంత దూరం వెళ్లాలన్న ముచ్చట మాత్రం నేను చదివినంతవరకు ఎక్కడా కనిపించలేదు.

2004 డిసెంబరు 26 ఆదివారమే కాక, మార్గశిర పౌర్ణమి కూడా. ఆ ఉదయం ఆరున్నర వేళ ఇండోనేషియాలోని సుమత్రా దీవి దగ్గర సముద్రగర్భంలో 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. అలలు మన తీరాన్ని తాకడానికి రెండు గంటలకు పైగా పట్టినా, హిందూ మహాసముద్రానికి అప్పట్లో హెచ్చరిక వ్యవస్థే లేనందున కబురు చెప్పే దిక్కు లేకపోయింది. మన రాష్ట్రంలో వంద మందికి పైగా చనిపోయారు. పౌర్ణమి స్నానానికని మంగినపూడి వచ్చినవారూ వారిలో ఉన్నారు.

హెచ్చరిక వ్యవస్థ విషయంలో ఇప్పుడా లోటు లేదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం)లో సునామీ హెచ్చరిక కేంద్రం 2007 నుంచి రాత్రింబవళ్లు పనిచేస్తోంది. పెద్ద భూకంపం వచ్చిన పది నిమిషాల్లోపే తొలి సమాచారం వెలువరించి, సముద్రపు అడుగున అమర్చిన పీడన పరికరాలు, రేవుల్లో నీటిమట్టం కొలిచే సాధనాలు ఇచ్చే లెక్కలను బట్టి ముప్పును ఖరారు చేయడమో, ఉపసంహరించడమో చేస్తారు. ఆ కబురు జిల్లా కేంద్రం దాకా నిమిషాల్లో వస్తుంది. అక్కడి నుంచి, సెల్‌ఫోనును సంచిలో చుట్టి గట్టున పెట్టి, మోకాటిలోతు నీళ్లలో సూర్యుడికి అర్ఘ్యం ఇస్తున్న ఇల్లాలి చెవిన పడేదాకా ఉన్న దూరం మాటేమిటన్నదే నా ప్రశ్న.

సముద్రం వెనక్కి పోతే సునామీ వస్తుందని బడిపిల్లలు కూడా చెబుతారు. అది నిజమే గాని, దాని కోసమే ఎదురుచూడటం మన తీరంలో ప్రమాదకరం. 2004లో భూమి చీలినచోట పడమటి వైపు సముద్రపు అడుగు పైకి లేచి, తూర్పు వైపు కుంగింది. అందువల్ల తూర్పున ఉన్న థాయ్‌లాండ్‌లో నీరు ముందు వెనక్కి తగ్గింది. పడమట ఉన్న మన దేశానికీ శ్రీలంకకూ మాత్రం మొదట నీటిమట్టం పెరుగుతూనే వచ్చింది, వెనక్కి తగ్గడం ఆ తర్వాతి సంగతి. సుమత్రా చాలా దూరం కనుక మన కాళ్లకింద నేల గట్టిగా కదలాలన్న నియమమూ లేదు. పైగా సునామీ అంటే ఒక్క అల కాదు. అలకూ అలకూ మధ్య పావుగంట నుంచి గంట దాకా ఎడం ఉండవచ్చు, తరువాత వచ్చేది మొదటిదానికంటే పెద్దదీ కావచ్చు. మొదటి అల తగ్గగానే చెప్పులకో, బండికో వెనక్కి పరుగెత్తేవారిని ఆపాలంటే, ముప్పు తొలగిందన్న అధికారిక ప్రకటన వచ్చేదాకా ఎవరూ తీరం వైపు రాకూడదని ముందే మైకులో చెప్పి ఉంచాలి.

విశాఖవాసులకు కొండలున్నాయి. కృష్ణా డెల్టాలో ఎక్కడానికి ఎత్తైన నేల లేదు. కాబట్టి ఇక్కడ ఉన్న మార్గాలు రెండే: వీలైనంత త్వరగా రెండు మూడు కిలోమీటర్లు లోపలికి నడవడం, లేదా తుఫాను షెల్టరు వంటి గట్టి కట్టడం పై అంతస్తుకు చేరడం. మురుగు కాల్వలు, ఏటిపాయల వెంట నీరు చాలా దూరం లోపలికి ఎగదన్నుతుంది కనుక ఆ గట్ల మీదుగా వెళ్లకూడదు. పండుగనాడు బీచ్ రోడ్డుకు ఇరువైపులా నిలిపే ఆటోలు, కార్లను చూసినవారికి, అందరూ ఒక్కసారి బండ్లు తీస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆ రోడ్డులో ఒక వరుస ఖాళీగా ఉంచి, కాలినడకన వెళ్లే దారిని బాణం గుర్తులతో చూపడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

వేటకు వెళ్లినవారి సంగతి వేరు. నడిసముద్రంలో సునామీ అల పడవ కిందుగా తెలియకుండానే సాగిపోతుంది. దాని విధ్వంసమంతా ఒడ్డు దగ్గరే. హెచ్చరిక వినగానే ఇంటివైపు బోటు తిప్పడం మనిషికి సహజమే అయినా, లోతు నీళ్లలోనే ఉండిపోవడం క్షేమం. ఈ మాట వారికి వైర్‌లెస్‌లో ఎవరు చెప్పాలో కూడా ముందే తేలాలి.

ఇదంతా అసాధ్యమేమీ కాదు. పొరుగున ఒడిశాలో వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి గ్రామాలు 2020లోనే సునామీకి సన్నద్ధమైన ఊళ్లుగా యునెస్కో గుర్తింపు పొందాయి. తప్పించుకునే దారుల పటం, బోర్డులు, గ్రామ కమిటీ, క్రమం తప్పని మాక్ డ్రిల్లు ఆ గుర్తింపుకు కావలసినవి. 2024లో మరో 24 గ్రామాలు వాటికి తోడయ్యాయి. తుఫాన్లను ఎదుర్కోవడంలో మనకూ దివిసీమ ఉప్పెన నాటి నుంచి బోలెడంత అనుభవం ఉంది. అయితే తుఫాను రోజుల ముందే కబురు పెడుతుంది, సునామీకి ఉండేది రెండు మూడు గంటలు మాత్రమే. ఆ వ్యవధిలో కూర్చుని సమీక్షా సమావేశం పెట్టుకోలేం.

రాబోయే కార్తీక పౌర్ణమి ఏర్పాట్ల సమావేశంలో జిల్లా యంత్రాంగం ఈ అంశాన్ని చేర్చి, ఖాళీ చేయించే బాధ్యత ఏ అధికారిదో పేరుతో సహా ప్రకటించాలనీ, స్నానాలకు వారం ముందే మంగినపూడిలోనూ హంసలదీవిలోనూ ఒకసారి మాక్ డ్రిల్లు జరపాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
మచిలీపట్నం