గెలాక్సీ నడిబొడ్డు కిరణాలపై ఒక సవరణ

సంపాదకుల వారికి నమస్కారం.

మన పాలపుంత నడిబొడ్డున ఉన్న బ్లాక్ హోల్ నుంచి ప్రాణాంతక కిరణాలు భూమి మీదికి దూసుకొస్తున్నాయన్నట్టు మీ ఆదివారం అనుబంధంలో రాశారు. నేను ఫిజిక్స్ లెక్చరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. అది చదివి నా పాత విద్యార్థులు ‘నిజమేనా సార్?’ అంటూ ఫోన్లు చేస్తున్నారు. టెన్షన్ పడాల్సిందేమీ లేదు. కానీ అసలు ఆసక్తికరమైన సంగతిని మీ కథనం వదిలేసిందని బాధేసింది.

మీరు రాసినవి కాస్మిక్ కిరణాలు, అంటే అంతరిక్షంలో అమిత వేగంతో దూసుకుపోయే కణాలు. అక్కడి వాటిని ఎవరూ నేరుగా చూడలేదు. అవి ఎక్కువగా ప్రోటాన్లు. విద్యుదావేశం ఉంటుంది కాబట్టి 26 వేల కాంతి సంవత్సరాల దారిలో అయస్కాంత క్షేత్రాలు వాటిని ఎటుపడితే అటు తిప్పేస్తాయి. ఇక్కడికి చేరిన ప్రోటాన్‌ను పట్టుకుని ఎక్కడిదో చెప్పలేం. అయితే వాటిలో కొన్ని అక్కడి దట్టమైన వాయు మేఘాలను గుద్దుకున్నప్పుడు గామా కిరణాలు, అంటే చాలా ఎక్కువ శక్తి ఉన్న కాంతి, పుడతాయి. వాటికి ఆవేశం లేదు, తిన్నగా వస్తాయి. అవి మన వాతావరణాన్ని తాకినప్పుడు పుట్టే కణాల జల్లు, సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో కొన్ని భాగాల సేపు నీలి వెలుగు చిమ్ముతుంది. నమీబియాలోని హెస్ టెలిస్కోపులు పట్టుకునేది ఆ మెరుపునే.

హెస్ శాస్త్రవేత్తల బృందం 2016లో ప్రకటించిన ఫలితం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. కేంద్రానికి దగ్గరయ్యేకొద్దీ కాస్మిక్ కిరణాల సాంద్రత పెరుగుతోంది. దూరం రెట్టింపైతే సుమారు సగమవుతోంది. ఎప్పుడో ఒక్కసారి జరిగిన పేలుడైతే ఈపాటికి అంతటా సమంగా పరుచుకుని ఉండేవి. అంటే నడిమధ్యలో ఏదో ఒకటి వేల ఏళ్లుగా ప్రోటాన్లను ఆగకుండా విసురుతోందన్నమాట! అదీ జెనీవా దగ్గరి ఎల్‌హెచ్‌సీ అనే భారీ కణ త్వరణ యంత్రంలో ఒక్కో ప్రోటాన్‌కు ఇచ్చే శక్తికి దాదాపు 150 రెట్ల వరకు.

ఆ విసిరేది బ్లాక్ హోలే అని మీరు తేల్చేశారు. శాస్త్రవేత్తలు మాత్రం దాన్ని ప్రధాన అనుమానితుడిగానే చెప్పారు. దాని లోపలి నుంచి ఏదీ బయటికి రాదు, జరిగేదేదైనా దాని చుట్టుపక్కలే జరగాలి. పైగా ఇప్పుడది చాలా నెమ్మదిగా ఉంది, ఒకప్పుడు చురుగ్గా ఉండి ఉండాలి. దగ్గర్లోని భారీ యువ నక్షత్రాల గుంపులపైనా అనుమానం ఉంది.

ప్రాణాంతకమన్న మాటకొస్తే, కాస్మిక్ కిరణాలను 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో పైకెళ్లి కనుక్కోకముందు నుంచీ అవి పడుతూనే ఉన్నాయి. వాటి నుంచి పుట్టిన మ్యూయాన్లనే సూక్ష్మ కణాలు మన అరచేతి గుండా సెకనుకు ఒకటి చొప్పున వెళ్తూనే ఉంటాయి.

దయచేసి వచ్చే ఆదివారం సవరణ వేయండి. దానితోపాటు దూరం పెరిగేకొద్దీ సాంద్రత తగ్గే ఆ గ్రాఫ్ కూడా వేయండి. పదో తరగతి పిల్లలకు కూడా అర్థమవుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్