బోధన మూల్యాంకన సగటులపై ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

నమస్కారములు. బోధన మూల్యాంకనంపై జరుగుతున్న అధ్యయనంలో నేను పరిశోధక సహాయకుడిని. ఈ విషయమై మీకు పంపిన మూడు వినతిపత్రాలకూ జవాబు రాకపోవడంతో నలుగురి ఎదుట ఈ లేఖ రాయవలసి వచ్చింది.

అధ్యాపకుల బోధనకు విద్యార్థులు అంకెల్లో రేటింగు ఇచ్చే అభిప్రాయ పత్రాలను చదివి నమోదు చేయడం నా పని. ఒక తరగతిలో 40 మందికి గాను 9 మందే స్పందించారు. వారిలో ఇద్దరు అన్ని ప్రశ్నలకూ మొదటి గడిలోనే టిక్కు పెట్టి, వ్యాఖ్యల చోట పాఠం గురించి కాక అధ్యాపకురాలి గొంతు గురించి రాశారు. ఆ 9 పత్రాల సగటు, రెండు దశాంశ స్థానాలతో సహా, ఆమె కాంట్రాక్టు పొడిగింపు దస్త్రంలోకి చేరింది. పొడిగింపు రాలేదు. (ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను.) ఆ అంకెను పట్టికలోకి ఎక్కించినది నేనే కనుక, తటస్థుడినని చెప్పుకోలేను.

ఈ రేటింగులకూ విద్యార్థులు నేర్చుకున్నదానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదని 2017లో వెలువడిన ఒక సమగ్ర విశ్లేషణ తేల్చింది. 2018లో కెనడాలోని రయర్సన్ విశ్వవిద్యాలయ వివాదంలో, పదోన్నతుల కోసం బోధనా సామర్థ్యాన్ని వీటితో కొలవరాదని మధ్యవర్తి తీర్పు చెప్పారు. విద్యార్థుల మాట వినవద్దని నేను అనడం లేదు. బోర్డు మీది అక్షరాలు కనబడుతున్నాయా, దిద్దిన పత్రాలు వేళకు తిరిగి వస్తున్నాయా అన్నది వారికంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

కాబట్టి తదుపరి సమీక్షలు మొదలయ్యేలోపే సగటు అంకెలను సిబ్బంది దస్త్రాల నుంచి తొలగించి, సహాధ్యాపకుల తరగతి పరిశీలనను, పాఠ్య సామగ్రి పరిశీలనను ప్రవేశపెడుతూ లిఖితపూర్వక ఉత్తర్వు జారీ చేయాలని, ఆ అధ్యాపకురాలి పొడిగింపును పునఃపరిశీలించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పరిశోధక సహాయకుడు