గోడకెక్కేదాకా పని అయినట్టు కాదు

చర్లపల్లి, హైదరాబాద్

ఒరేయ్ బావా,

ఈపాటికి నన్ను నాలుగు తిట్టి ఉంటావు. నా మట్టి శిల్పాల షో అయిపోయింది, సరుకంతా మళ్ళీ షెడ్డుకి చేరింది. నడుము ఇంకా నా మాట వినట్లేదు కాబట్టి కూర్చుని రాసే తీరిక దొరికింది. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో నన్ను ఒక్క మాటైనా పూర్తి చేయనిస్తావా నువ్వు?

మా కోడలు పిల్ల ఇంటర్ అవగానే శిల్పం చదువుతానంటోందనీ, అందులోనూ మట్టిపనే చేస్తానని పట్టుబట్టిందనీ రాశావు. చెల్లెమ్మ కంగారు పడుతోందన్నావు. "అసలు మీరు రోజంతా ఏం చేస్తార్రా?" అని చివర్లో ఒక చురక. సరే, చెబుతాను విను.

పిల్ల రీల్స్‌లో చూసి ఉంటుంది. సారె తిరుగుతుంటుంది, తడిచేతుల మధ్య మట్టి పైకి లేస్తుంటుంది, వెనకాల ఫ్లూటు. అబద్ధమేం కాదు, అదీ ఉంటుంది. కానీ నా ఏడాదిలో దాని వాటా చాలా తక్కువ. మిగతాదంతా ఆరబెట్టడం, కాల్చడం, చుట్టడం, మోయడం, ఎక్కించడం, బిగించడం, మళ్ళీ దించడం. కాలేజీలో ఆకారం నేర్పారు, గ్లేజు (మట్టి మీద గాజులా మెరిసే పూత) నేర్పారు, కిల్న్ (కాల్చే బట్టీ) నేర్పారు. చేసిన బొమ్మని గోడ మీదికి చేర్చడం మాత్రం ఎవరూ నేర్పలేదు. నన్నడిగితే సగం పని అదే. ఆ సగం గురించి ఎవరూ మాట్లాడరు, ఫొటోల్లోనూ రాదు.

మొన్నామధ్య గచ్చిబౌలి వైపు ఒక ఆఫీసు లాబీకి పెద్ద గోడ ఒప్పుకున్నాను. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల ఎత్తు. లెక్క చూడు. స్టోన్‌వేర్ పలక, అంటే ఎక్కువ వేడికి గట్టిగా కాల్చిన మట్టి పలక, అంగుళం మందం ఉంటే చదరపు అడుగుకి ఐదు కిలోల పైనే తూగుతుంది. అంటే ఆ గోడ మీద టన్ను బరువు వేలాడుతుందన్నమాట, కింద జనం కాఫీ కప్పులు పట్టుకుని తిరుగుతుంటారు. పైగా మట్టి ఆరేటప్పుడు కొంత, కాలేటప్పుడు కొంత ముడుచుకుంటుంది. నా మట్టి మొత్తం మీద నూటికి పన్నెండు వంతులు తగ్గుతుంది. ఇరవై అడుగుల బొమ్మ కావాలంటే దాదాపు ఇరవై మూడు అడుగుల బొమ్మ చేయాలి. నేల మీద అంతా పరిచి, గీసి, ముక్కలు కోసి, ప్రతి ముక్క వెనకాల నంబరు వేసి, అప్పుడు ఆరబెట్టాలి. ఎండాకాలం మన గాలికి అంచులు ముందే ఆరిపోయి పలక అప్పడంలా లేస్తుంది, అందుకని ప్లాస్టిక్ కవరు కప్పి నిదానంగా ఆరనివ్వాలి. వానాకాలం అసలు ఆరనే ఆరదు.

కాల్చడం ఒక రకం టెన్షన్. మొదటి కాల్పు వెయ్యి డిగ్రీల దాకా, గ్లేజు వేశాక రెండోది 1,220 దాకా. మధ్యలో 573 డిగ్రీల దగ్గర ఒక గండం ఉంది. మట్టిలో ఉండే క్వార్ట్జ్ అక్కడ ఉన్నట్టుండి ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు సరిగ్గా అక్కడే మళ్ళీ ముడుచుకుంటుంది. ఆ గీత దగ్గర తొందరపడ్డామా, పెద్ద పలక నిలువునా పగులుతుంది. అందుకే కిల్న్ ఆపేశాక కూడా తలుపు తీయకుండా చేతులు కట్టుకుని కూర్చోవాలి. చేతులు కట్టుకోవడమే కష్టం.

ఇంతా చేసి, సరుకు డీసీఎంలో ఎక్కించాక అసలు భయం మొదలవుతుంది. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అని ఊరికే అనలేదు పెద్దలు; కుమ్మరి ఏడాది పనికి దుడ్డుకర్ర దెబ్బ ఒక్కటి చాలు. మన ఊరి కుమ్మరాయన ఎడ్లబండి నిండా కుండలు పేర్చి, సందుల్లో వరిగడ్డి కుక్కి సంతకి తోలుకెళ్ళేవాడు, గుర్తుందా? నేను చేసేదీ అదే. గడ్డికి బదులు ఫోము, బబుల్ ర్యాపు, పాత దుప్పట్లు. సూత్రం ఒక్కటే, ఏ రెండు ముక్కలూ ఒకదానికొకటి తగలకూడదు, డబ్బాలో ఏదీ కదలకూడదు. ట్యాంక్‌బండ్ మీదుగా పోయినప్పుడల్లా బుద్ధుడి వైపు ఒకసారి చూస్తాను. గణపతి స్థపతి చెక్కిన ఆ ఏకశిల 1990లో నీళ్ళ మీద తరలిస్తుంటే బార్జ్ ఒరిగి హుస్సేన్‌సాగర్‌లో మునిగింది. మనుషుల ప్రాణాలు పోయాయి. పీఠం మీద నిలబడటానికి 1992 డిసెంబరు దాకా పట్టింది. బొమ్మ చెక్కడం ఒక విద్య, దాన్ని చోటికి చేర్చడం వేరే విద్య. అది రాయి కాబట్టి అన్నాళ్ళు నీళ్ళ అడుగున పడున్నా చెక్కుచెదరలేదు. నా సరుకుకి ఉప్పల్ రోడ్డు మీద ఒక్క స్పీడ్ బ్రేకర్ చాలు.

లాబీకి చేరాం. "గోడ గట్టి ఇటుక గోడే" అని ముందే రాసిచ్చారు వాళ్ళు. మా మేస్త్రి, ఎల్బీనగర్ నుంచి వస్తాడు, పాతికేళ్ళుగా తాపీ పనే, గోడని వేలి కణుపుతో రెండుసార్లు తట్టాడు. చెవి ఆనించి మళ్ళీ తట్టాడు. నా వైపు తిరిగి, "సార్, ఇది గోడ కాదు, అట్టపెట్టె" అన్నాడు. జిప్సం బోర్డు! దాని వెనకాల ఏసీ గొట్టాలు. దానికి టన్ను బరువు ఎలా తగిలిస్తాం? ఆర్కిటెక్టు ఫోనెత్తడు. ఆఫీసువాళ్ళేమో మంత్రిగారు వచ్చే తేదీ చెప్తున్నారు. చివరికి నేలలోంచి, పై బీము నుంచి పట్టేలా ఇనుప ఫ్రేమ్ కట్టించి, బరువంతా దాని మీద వేశాం. ఫ్రేమ్ ఖర్చు ఎవరిదన్న పంచాయితీ ఇంకా నడుస్తూనే ఉంది, దాని గురించి ఇప్పుడు రాస్తే నాకు బీపీ వస్తుంది.

బిగించడంలో ఒక కిటుకు చెప్తాను, పిల్లకి పనికొస్తుంది. వేడికి ఇనుము సాగినంత సెరామిక్ సాగదు. బోల్టుని పలకకి గట్టిగా బిగిస్తే మొదటి ఎండాకాలానికే చిట్లుతుంది. రంధ్రం బోల్టు కంటే కాస్త పెద్దదిగా, అదీ పలక పచ్చిగా ఉన్నప్పుడే వేసుకోవాలి, మధ్యలో రబ్బరు వాషరు పెట్టాలి, పలకకీ పలకకీ మధ్య గీతంత సందు వదలాలి. మేస్త్రి దారం కట్టి, రసమట్టం పెట్టి, ఒక్కో వరస పైకి లేపుతుంటే నేను కింద నంబర్లు అందిస్తూ కూర్చున్నాను. శిల్పిని నేనా, అతనా? మూడో వరస దగ్గర ఒక పలక అర అంగుళం తేడా వచ్చింది. నేను గ్రైండరు తీస్తుంటే ఆపాడు. "మీ పలకది తప్పు లేదు సార్, నేల వంక ఉన్నది" అన్నాడు. కొలిచి చూస్తే నిజమే.

ఆ పని అయ్యాక అతన్ని పత్తర్‌గట్టి దగ్గర బాద్‌షాహీ ఆషుర్‌ఖానాకి తీసుకెళ్ళాను, మొహర్రంలో పీర్లు నిలిపే చోటు. నువ్వెప్పుడైనా లోపలికి వెళ్ళావా? మనం చార్మినార్ దగ్గర ఇరానీ చాయ్ తాగి వెనక్కి వచ్చేసేవాళ్ళం తప్ప అటు తిరిగి చూడలేదు. 1594లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు, గోడల మీది పెంకుల పని 1611కి పూర్తయింది. ఆవాల పసుపు, ముదురు నీలం, పచ్చ, తెలుపు. పీర్ల ఆకారాలు గోడ నిండా. దగ్గరికెళ్ళి చూస్తే ఏ రంగుకి ఆ రంగు పెంకు విడిగా కాల్చి, ముక్క కోసి, పక్క ముక్క వంపులో ఇమిడేలా అరగదీసి పెట్టారు. కిందిభాగంలో కొన్ని 1908 మూసీ వరదల్లో పోతే, అక్కడ రంగులతో అదే డిజైను వేసి సరిపెట్టారు. పై పెంకులు మాత్రం నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా మెరుస్తున్నాయి. మేస్త్రి చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని, చాలాసేపు ఒక మూల దగ్గరే నిలబడ్డాడు. మూలల్లో గీతలు కలవడమే కష్టం మరి. "వీళ్ళు మనోళ్ళే సార్" అన్నాడు. అన్ని షోల్లో నేను విన్న పొగడ్తలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు. నాకు చెప్పింది కాకపోయినా సరే.

ఇక షో సంగతి. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ నీకు తెలుసుగా, అలాంటి పెద్ద హాల్లో పెడితే మట్టి బొమ్మలు ఊపిరి పీల్చుకుంటాయి. ఈసారి మాది చిన్న ప్రైవేటు గ్యాలరీ. ఒకప్పుడు సెరామిక్స్ అంటే బల్ల మీద వరసగా పెట్టేవాళ్ళం. 2018లో జైపూర్ జవహర్ కళా కేంద్రలో మన దేశపు మొట్టమొదటి సెరామిక్స్ ట్రైనాలే, అంటే మట్టి కళకే ప్రత్యేకంగా పెట్టిన పెద్ద ప్రదర్శన, జరిగింది. అప్పట్నుంచి నాకు బల్లలంటే పడదు. నేల మీద పరుస్తాను, పైకప్పు నుంచి వేలాడదీస్తాను. వేలాడదీస్తే గ్యాలరీవాళ్ళ గుండె ఆగుతుంది, అది వేరే విషయం. ఓపెనింగ్ రోజు దీపం, సమోసా, సెల్ఫీలు. ఒక పెద్దావిడ నా వారాల పనిని తిప్పి తిప్పి చూసి, "ఇది మైక్రోవేవ్‌లో పెట్టొచ్చా బాబూ?" అని అడిగింది. పెట్టొచ్చండీ, మైక్రోవేవ్ నాలుగడుగులుంటే. అమ్ముడైనవాటిలో సగానికి దగ్గర గ్యాలరీకే పోతుంది. నిజం చెప్పాలంటే షెడ్డు అద్దె కట్టేది శిల్పాలు కాదు, శని ఆదివారాల్లో సాఫ్ట్‌వేర్ పిల్లలకి చెప్పే క్లాసులు. వాళ్ళు చేసిన వంకర కప్పుల్ని వాళ్ళే ముద్దుగా ఇంటికి పట్టుకెళ్తారు. చెల్లెమ్మకి ఈ ముక్క తప్పకుండా చదివి వినిపించు. దాచడం ఎందుకు?

ఇంకో ముఖ్యమైనది, దుమ్ము. ఎండిన మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పోతాయి. స్టూడియోలో చీపురు పట్టకూడదు, తడిబట్టతోనే తుడవాలి, పొడి గ్లేజు కలిపేటప్పుడు మంచి మాస్కు ఉండాలి. లండన్ టేట్ మోడర్న్‌లో 2010లో ఐ వేవే అనే చైనా కళాకారుడు పది కోట్ల పోర్సిలిన్ పొద్దుతిరుగుడు గింజలు నేలంతా పరిచాడు. జనం వాటి మీద నడవాలన్నది ఆలోచన. తొక్కిడికి లేచే దుమ్ము మంచిది కాదని కొద్ది రోజులకే నడవనివ్వడం ఆపేశారు. అంత పెద్ద మ్యూజియానికే తప్పలేదు.

సీటు సంగతికొస్తే, మాసబ్‌ట్యాంక్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్‌ఏ శిల్పం, అంటే ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ, ఉంది, ఎంట్రన్స్ రాయాలి, డ్రాయింగ్ ఇప్పట్నుంచే సాధన చేయమను. ఫీజుల గురించి ఫోన్లో మాట్లాడదాం. దానికంటే ముందు సెలవుల్లో పిల్లని నా దగ్గర వదిలి వెళ్ళు. సారె మీద కూర్చోబెట్టను. ప్యాకింగ్, మోత, ఒక కాల్పు, ఒక ఇన్‌స్టలేషను చూడనీ. పైనెల్లో కొంపల్లిలో ఒక బడి ప్రహరీకి పలకలు బిగించాలి, మేస్త్రి కూడా ఉంటాడు. అప్పుడు కూడా ఇదే చేస్తానంటే నువ్వూ చెల్లెమ్మా అడ్డుపడకండి, నేనే దగ్గరుండి చేర్పిస్తాను.

వచ్చేటప్పుడు మీ ఇంట్లో పాత దుప్పట్లు, చీరలు ఏమున్నా మూటగట్టి తీసుకురా. కాటన్‌వే సుమా, సిల్కువి జారిపోతాయి.

నీ,
బావ