గోడౌన్ స్టాకు, దారిలో ఉన్న సరుకు: ఇకపై మీకు కనిపించే లెక్క గురించి

మా దగ్గర బోరు మోటార్ల విడిభాగాలు తీసుకునే దుకాణదారులకు, మెకానిక్ సోదరులకు నమస్కారం.

విజయవాడ ఆటోనగర్‌లోని మా గోడౌన్ సాఫ్ట్‌వేర్‌ను, కోయంబత్తూరు, రాజ్‌కోట్‌ల నుంచి మాకు సరుకు చేరవేసే రవాణా సంస్థల సాఫ్ట్‌వేర్‌తో కలిపే పని చాలావరకు పూర్తయింది. ఈ నెల నుంచి మీరు ఫోన్‌లో ఆర్డరు పేజీ తెరిస్తే ప్రతి వస్తువు ఎదుట మూడు అంకెలు కనిపిస్తాయి: గోడౌన్‌లో ఉన్నది, ఇప్పటికే బుక్ అయినది, దారిలో ఉన్నది. ఇంతకాలం అక్కడ ఒకే అంకె ఉండేది, అదీ రాత్రి బిల్లులన్నీ మా లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలోకి ఎక్కిన తర్వాతే మారేది. ఈ మూడింటిలో దేన్ని ఎంతవరకు నమ్మవచ్చో, దేన్ని చూసి రైతుకు మాట ఇవ్వకూడదో ముందుగానే వివరించడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఎండలు ముదిరే వేళకు మోటారు కాలిపోయిన రైతుకు కావలసింది ఒక థ్రస్ట్ బేరింగో, నాలుగు బుష్‌లో, రెండు ఇంపెల్లర్లో మాత్రమే కావచ్చు, కానీ అవి రేపు వస్తాయా, నాలుగు రోజులకు వస్తాయా అన్నదాని మీదే ఆయన మొక్కజొన్నకు తడి అందుతుందో లేదో ఆధారపడి ఉంటుంది. మీరు మాకు ఫోన్ చేస్తే మేము రవాణా ఆఫీసుకు ఫోన్ చేసేవాళ్లం, వాళ్లు డ్రైవరుకు చేసేవారు, ఆ జవాబు మీ దాకా తిరిగి వచ్చేసరికి పూట గడిచిపోయేది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు, మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్ జాతీయ రహదారి మీదికి నీళ్లు వచ్చి రాకపోకలు ఆగిపోయినప్పుడు ఆ ఫోన్లు కూడా పనిచేయలేదు. ఏ సరుకు నీళ్లకు అవతల ఆగిందో, ఏది ఇవతల ఉందో ఎల్‌ఆర్ కాగితాలు (రవాణా సంస్థ ఇచ్చే లారీ రసీదులు) ముందు పెట్టుకుని కూర్చుంటే తప్ప తెలిసేది కాదు. రెండు సాఫ్ట్‌వేర్లనూ కలపాలన్న ఆలోచన అప్పటిదే.

దారిలో ఉన్న సరుకు మాకు ఎలా తెలుస్తుందో చెబుతాను, ఎందుకంటే ఆ అంకె ఎక్కడ బలహీనమో అందులోనే ఉంది. సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే పంపేవారు ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు జీఎస్‌టీ కింద ఆన్‌లైన్‌లో తీసే పత్రం, తీయాలి. దాని మొదటి భాగంలో ఇన్వాయిసు వివరాలు, రెండో భాగంలో లారీ నంబరు ఉంటాయి. మా జీఎస్‌టీ నంబరు మీద బిల్లు పుట్టగానే, సువిధా ప్రొవైడర్ (జీఎస్‌టీ వ్యవస్థతో మా సాఫ్ట్‌వేర్‌ను కలిపే అధీకృత సంస్థ) ద్వారా ఆ సమాచారం మా సాఫ్ట్‌వేర్‌లోకి వస్తుంది. లారీ నంబరు తెలిశాక, అది ఏ టోల్ ప్లాజా ఎప్పుడు దాటిందో ఫాస్టాగ్ నమోదుల నుంచి తెలుసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 సెప్టెంబరులో జాతీయ లాజిస్టిక్స్ విధానంతో పాటు ప్రారంభించిన, రవాణా సమాచారాన్నంతా ఒకచోట కలిపే యులిప్ వేదిక వల్ల ఇటువంటి సమాచారం ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీల ద్వారా చిన్న వ్యాపారులకూ అందుతోంది. కోయంబత్తూరు లారీ టంగుటూరు, బొల్లాపల్లి, కాజ ప్లాజాలను ఒకటొకటిగా దాటుతూ వస్తుంటే తెర మీద చూడడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంది.

అయితే రెండు టోళ్ల మధ్య ఆ లారీ ఎక్కడుందో మాకు తెలియదు. డ్రైవరు ఒంగోలు దగ్గర నిద్రపోతున్నా, టైరు పంక్చరై రోడ్డు పక్కన నిలబడినా, మా తెర మీద టంగుటూరు దాటిన సమయమే ఉంటుంది. 50,000 రూపాయల లోపు పార్సిళ్లకు సాధారణంగా ఈ-వే బిల్లు ఉండదు కాబట్టి వాటికి రవాణా సంస్థ ఇచ్చే సమాచారమే ఆధారం. ఈ-వే బిల్లు గడువును కూడా సరుకు చేరే తేదీగా భావించవద్దని మనవి. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్కగట్టే ఆ గడువు కోయంబత్తూరు నుంచి వచ్చే సరుకుకు సుమారు అయిదు రోజులు వస్తుంది, లారీ అంతకు చాలా ముందే రావచ్చు, లేదా గడువు పొడిగించుకుని ఆలస్యంగానూ రావచ్చు.

ఇంతకన్నా పెద్ద చిక్కు లారీ విజయవాడ చేరిన తర్వాత ఎదురవుతుంది. మనది నిండు లారీ సరుకు కాదు, పదిమంది వ్యాపారుల పెట్టెల మధ్య వచ్చే పార్ట్ లోడ్. లారీ ముందు రవాణా సంస్థ గోడౌన్‌కు వెళ్తుంది, అక్కడ ముఠా కూలీలు దించి, పార్టీల వారీగా విడదీసి, చిన్న బండికి ఎక్కించి మా దగ్గరకు పంపాలి. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో లారీ గేటు దాటగానే సరుకు చేరినట్లు నమోదవుతుంది, కానీ మన పెట్టెలు ఇంకా ఎవరి పెట్టెల కిందో ఉంటాయి. అందుచేత వాళ్లు చేరిందని చెప్పిన సరుకును కూడా మేము దారిలో ఉన్నట్లే చూపిస్తున్నాం. పెట్టె మా గోడౌన్‌లో విప్పి, లెక్కపెట్టి, స్కాన్ చేసిన తర్వాతే మొదటి అంకెలో కలుస్తుంది. పోత ఇనుము భాగాల్లో దారిలోనే చెవులు విరిగినవి అప్పుడప్పుడు వస్తుంటాయి, విప్పి చూడకుండా వాటిని స్టాకుగా చూపితే మీరు బుక్ చేసుకున్నది విరిగిన ముక్క అవుతుంది.

రెండు సాఫ్ట్‌వేర్ల మధ్య తీగ కలపడం కష్టమని బయటి వారు అనుకుంటారు. అసలు సమయం తినేసింది వస్తువుల జాబితా. కోయంబత్తూరు తయారీదారు ఇన్వాయిసులో ఒక పెట్టె అని రాసింది మా లెక్కలో పన్నెండు ముక్కలు. వైండింగ్ వైరు కిలోల్లో వచ్చి కిలోల్లోనే పోతుంది, కేబులు చుట్టల్లో వచ్చి మీటర్లలో అమ్ముడవుతుంది. ఒకే బుష్‌కు తయారీదారు కోడ్ ఒకటి, మా కోడ్ మరొకటి, మెకానిక్ అడిగే తీరు ఇంకొకటి. వీటన్నింటినీ ఒక్కొక్క వరుసగా సరిపోల్చి, ప్రతిదానికీ ఎన్ని ముక్కలు ఒక పెట్టె అన్నది నమోదు చేసేదాకా, దారిలో ఉన్న సరుకు అంకెను మీకు చూపించకూడదని నిర్ణయించుకున్నాను. ఆలస్యానికి కారణం అదే, అందుకు చింతించడం లేదు.

ఇంకొక సంగతి కూడా జాగ్రత్తగా చూసుకోవలసి వచ్చింది. రవాణా సంస్థ సర్వరు ఒక సందేశం పంపి, మా వైపు నుంచి జవాబు అందకపోతే, అదే సందేశాన్ని మళ్లీ పంపుతుంది. జాగ్రత్త పడకపోతే వచ్చిన ఇరవై పెట్టెలు నలభై అవుతాయి. కేవలం ఎల్‌ఆర్ నంబరును గుర్తుగా పెట్టుకుంటే సరిపోదు, ఎందుకంటే రెండు శాఖలు ఒకే నంబరు వాడవచ్చు, ఏప్రిల్ వచ్చేసరికి నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలు కావచ్చు. అందువల్ల శాఖ కోడ్, నంబరు, ఆర్థిక సంవత్సరం మూడింటినీ కలిపి ఒక గుర్తుగా చేసి, ఆ గుర్తుతో రెండోసారి వచ్చిన సందేశం లెక్కను మార్చకుండా కట్టుదిట్టం చేశాం.

ఇక మా కౌంటరు దగ్గర మారినది మీకు కొంత ఇబ్బందిగా అనిపించవచ్చు. ఇదివరకు ఉదయం రద్దీలో తెలిసిన మెకానిక్ వస్తే, కుర్రవాడు ర్యాక్ నుంచి కెపాసిటర్ తీసి చేతిలో పెట్టేవాడు, బిల్లు తీరిక మీద రాసేవాళ్లం. ఆ మధ్య వ్యవధిలో తిరువూరులో ఉన్న దుకాణదారుకు లేని వస్తువు ఉన్నట్లుగా కనిపిస్తుంది. ఇకపై స్కాన్ కాకుండా ఏ వస్తువూ కౌంటరు దాటదు, ఎంత పాత ఖాతాదారుకైనా ఇదే పద్ధతి. తొమ్మిది, పదకొండు గంటల మధ్య కాసేపు నిలబడవలసి వస్తే దయచేసి సహకరించండి. మా గోడౌన్ పై అంతస్తులో వై-ఫై సరిగా అందదు కాబట్టి అక్కడ స్కాన్ చేసినది స్కానర్ కిందికి వచ్చాకే లెక్కలోకి చేరుతుంది, ఆ కొద్ది నిమిషాల తేడా ఇంకా మిగిలే ఉంది.

సాధ్యమై కూడా చేయకుండా ఆపినవి రెండు ఉన్నాయి. డ్రైవర్ల సిమ్ ఆధారంగా లారీ జాడ తెలుసుకునే సేవ ఉంది, దానికి డ్రైవరు ఒప్పుకుంటూ సందేశం పంపాలి. పది పార్టీల సరుకు మోసే మనిషిని మన పెట్టె కోసం అలా ఒప్పించడం నాకు సబబుగా తోచలేదు, టోళ్ల సమాచారం మన అవసరానికి చాలు. రెండోది, దారిలో ఉన్న సరుకును అమ్మకానికి పెట్టడం. అలా చేస్తే మా అమ్మకాలు పెరిగినట్లు కనిపిస్తాయని సాఫ్ట్‌వేర్ వారు పదే పదే చెప్పారు. నేను ఒప్పుకోలేదు. దారిలో ఉన్నదానికి మీరు పేరు నమోదు చేసుకోవచ్చు, వచ్చిన వరుసలోనే మీకు కేటాయిస్తాం, కానీ సరుకు స్కాన్ అయ్యేదాకా దానికి అడ్వాన్సు తీసుకోం.

గోడౌన్‌లో ఉన్న వస్తువును మీరు బుక్ చేస్తే అది ఆ సాయంత్రం ఆరు గంటల దాకా మీ పేరు మీద ఉంటుంది. అప్పటికి మీరు ఖాయం చేయకపోతే తిరిగి అందరికీ కనిపిస్తుంది. ఇందుకు అదనపు రుసుము ఏదీ లేదు, ధరల పట్టికలో మార్పు లేదు. ఫోన్ చేసి ఆర్డరు ఇచ్చే అలవాటున్న వారు అలాగే ఇవ్వవచ్చు, మా వాళ్లు అదే తెర చూసి చెబుతారు.

రాజ్‌కోట్ నుంచి సరుకు తెచ్చే రవాణా సంస్థల్లో ఒకదానికి ఇతరుల సాఫ్ట్‌వేర్‌తో కలిసే సదుపాయం లేదు, వాళ్లు రోజూ ఒక ఎక్సెల్ పట్టిక పంపుతారు, మేము దాన్ని చేత్తో ఎక్కిస్తున్నాం. ఆ సరుకు పక్కన నక్షత్రం గుర్తు ఉంటుంది, అది ఒక రోజు పాత సమాచారమని గ్రహించండి. మీకు మేము ఖమ్మం, మధిర, నరసరావుపేట వైపు బస్సు పార్సిల్‌లో పంపే వస్తువుల జాడ కూడా ఈ పేజీలో ప్రస్తుతానికి కనిపించదు. పార్సిల్ అప్పగించగానే రసీదు ఫొటో ఎప్పటిలాగే మీ వాట్సాప్‌కు వస్తుంది, దాని మీది నంబరుతోనే మీరు బస్సు పార్సిల్ కౌంటరులో విడిపించుకోవాలి.