చిన్నబాపు యాదిల, మార్చి 21

అందరికీ నమస్తే. మార్చి 21 పొద్దున 10 గంటలకు హన్మకొండ పాతింట్ల కలుద్దాం. ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం కూడా అదే. చిన్నబాపు లెక్క డౌన్ సిండ్రోమ్ ఉన్నోళ్లకు పుట్టుకతోనే 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడుంటాయి కాబట్టి మూడో నెల 21.

ఫొటోలు 15 లోపు పంపండి. డాక్యుమెంట్‌గానే పంపాలి, లేకుంటే సైజు తగ్గి ప్రింట్ మసకగా వస్తది. ఆల్బమ్‌కు అతుక్కున్న ఫొటోను గోరుతో గుంజొద్దు, రంగు పొర లేస్తది. సన్నటి దారం కిందికి దూర్చి అటూ ఇటూ మెల్లగా జరపండి. రాకుంటే అట్లనే ఉంచి, ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో తీయండి.

చిన్నబాపు స్టీలు గ్లాసు పట్టుకొని గడప మీద కూసున్న ఫొటో ఎవరి దగ్గరున్నా వెంటనే చెప్పండి. గోడకు అదే పెట్టాలె. ఆ నవ్వు ఇంకే ఫొటోల లేదు.

డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలతో రెండు కుటుంబాలు వస్తున్నయి. పిల్లలను ఎగరేయొద్దు, తలకిందులు చేయొద్దు. కొందరికి మెడ పైఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటది. ఏదన్న అడిగితే జవాబు వచ్చేదాక ఆగండి, పక్కనుంచి అందియ్యొద్దు. చిన్నబాపుతో మనం తొందరపడ్డది అక్కడే. సకినాలు గట్టిగుంటయి, వాళ్లకు పెరుగన్నం వేరే పెడదాం.

డౌన్ సిండ్రోమ్ దినానికి గుర్తుగా అందరూ జోడు కలవని సాక్సులు వేసుకొని రండి.

ఎంతమంది వస్తున్నరో 18 లోపు ఇక్కడే రాయండి, వంటకు లెక్క కావాలె.