ల్యాబ్‌లో డౌటు అడిగినోళ్లని తిట్టకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పాశమైలారం ఫార్మా ఫ్యాక్టరీలో 2025 జూన్ 30న జరిగిన పేలుడు, అంతకుముందు ఏడాది ఆగస్టు 21న అచ్యుతాపురం ఫార్మా ఫ్యాక్టరీలో 17 మంది ప్రాణాలు పోయిన ప్రమాదం, వీటి గురించి పేపర్లలో చాలా వచ్చింది, మిషన్లు పాతవా, పర్మిషన్లు ఉన్నాయా, పరిహారం ఎంత అని. అవన్నీ అడగాల్సినవే. కానీ లోపల పనిచేసేవాళ్లకి "సార్, ఇదేదో తేడాగా ఉంది" అని నోరు తెరిచి చెప్పే ధైర్యం ఉందా అని మాత్రం ఎవరూ అడగట్లేదు. నేను హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లో, క్యూసీలోనూ (నాణ్యత పరీక్షలు) ఆర్ అండ్ డీలోనూ (పరిశోధన) చాలా ఏళ్లుగా చేస్తున్నా, అందుకే ఇది రాస్తున్నా.

ఒక ల్యాబ్‌లో కళ్లారా చూసింది చెప్తా. కొత్తగా చేరిన ట్రైనీ అమ్మాయి ఏదో చిన్న డౌటు అడిగితే గ్రూప్ లీడర్ అందరి ముందూ "ఎమ్మెస్సీ చదివావా, కొనుక్కున్నావా" అన్నాడు, పక్కనున్నోళ్లు నవ్వారు. తర్వాత కొన్నాళ్లకి మిగిలిపోయిన నైట్రిక్ యాసిడ్ ఏ వేస్ట్ బాటిల్లో పోయాలో తెలీక, లేబుల్ సగం చెరిగిపోయి ఉంటే, మళ్లీ అడిగి మాట పడటం ఎందుకులే అని చేతికందిన దాంట్లో పోసి మూత బిగించేసింది. అందులో మిథనాల్ ఉంది. ఆ రెండూ కలిస్తే వెంటనే ఏమీ కనపడకపోవచ్చు, మెల్లగా వేడెక్కి గ్యాస్ పుడుతుంది, మూత బిగించి ఉంటే సీసా పేలిపోతుంది. పేలింది కూడా, లంచ్ టైమ్ కాబట్టి అక్కడ ఎవరూ లేరు, గాజు పెంకులు ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లు బయటకి లాగేసే అర) నిండా. ఆడిట్ దగ్గర్లో ఉందని నియర్ మిస్ (తృటిలో తప్పిన ప్రమాదం) రిపోర్ట్ రాయలేదు, ఆ అమ్మాయికి మెమో ఇచ్చారు, గ్రూప్ లీడర్‌ని ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత ఆ ల్యాబ్‌లో ఎవరికి ఏం జరిగినా బయటకి చెప్పడం మానేశారు. చెప్తే మెమో వస్తుందని తెలిశాక ఎవరు చెప్తారండీ?

ఇది మన దగ్గరే కాదు. అమెరికాలో టెక్సాస్ టెక్ యూనివర్సిటీలో 2010 జనవరిలో ఒక రీసెర్చ్ స్టూడెంట్ చేతిలో పేలుడు పదార్థం పేలి మూడు వేళ్లు పోయాయి. 100 మిల్లీగ్రాములు దాటకూడదనేది నోటి మాటగానే ఉంది, వాళ్లు చేసింది దాదాపు 10 గ్రాములు. అదే గ్రూప్‌లో ముందే నియర్ మిస్‌లు జరిగినా వాటి నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేదని అక్కడి కెమికల్ సేఫ్టీ బోర్డు విచారణలో తేలింది.

ఇంక హెల్పర్ల సంగతి. గ్లాస్‌వేర్ కడిగేవాళ్లు, డ్రమ్ములు మోసేవాళ్లు చాలామంది ఒడిశా, బీహార్ నుంచి వచ్చిన కాంట్రాక్ట్ పిల్లలు. వాళ్లని పేరు పెట్టి పిలిచేవాళ్లే తక్కువ, "ఏయ్" అంటారు. ట్రైనింగ్ ఇంగ్లీషులో పెట్టి రిజిస్టర్లో సంతకం తీసుకుంటారు, అది ట్రైనింగా? ఆడవాళ్లకి చేతికి పట్టే గ్లవ్స్ అడిగితే "ఉన్నవాటితో సర్దుకోండి" అంటారు, వదులుగా ఉన్న గ్లవ్‌తో సీసా పట్టుకుంటే జారదా?

అన్నిటికంటే నన్ను భయపెట్టేది కడుపుతో ఉన్నవాళ్ల విషయం. డీఎంఎఫ్ లాంటి సాల్వెంట్ (వేరే పదార్థాల్ని కరిగించే ద్రవం) కడుపులో బిడ్డకి హాని చేయొచ్చని ఎంఎస్‌డీఎస్‌లోనే, అంటే ఆ కెమికల్ సేఫ్టీ షీట్‌లోనే రాసి ఉంటుంది. కానీ చెప్తే ప్రాజెక్ట్ నుంచి తీసేస్తారనో కన్ఫర్మేషన్ ఆపేస్తారనో మొదటి మూడు నెలలు దాచుకుంటారు, అసలు ఎక్కువ జాగ్రత్తగా ఉండాల్సిందే ఆ మూడు నెలలు.

మంచి ల్యాబులు లేవనట్లేదు. ఒక మేడమ్ దగ్గర పనిచేశా, రియాక్షన్ అనుమానంగా ఉందని జూనియర్ ఆపేస్తే, బ్యాచ్ పోయినా సరే పొద్దున మీటింగ్‌లో అందరి ముందూ థాంక్స్ చెప్పేవారు. వాళ్ల నియర్ మిస్ రిజిస్టర్ ఎప్పుడూ నిండుగా ఉండేది. ఖాళీ రిజిస్టర్ చూసి భేష్ అనే ఆడిటర్లు దీన్ని ఆలోచించాలి.

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టం మార్చి, ప్రమాదం ఉందనిపిస్తే యాజమాన్యానికి చెప్పే హక్కు కార్మికుడికి ఇచ్చారు. ఆ హక్కు వాడుకునే పరిస్థితి ఉందో లేదో ఇన్స్పెక్షన్‌కి వచ్చే అధికారులు చూడాలి, మేనేజర్ని బయటికి పంపి ట్రైనీలతో, హెల్పర్లతో వాళ్ల భాషలో విడిగా మాట్లాడాలి. మీ రిపోర్టర్లు కూడా ఎవరో పోయినప్పుడే కాకుండా మామూలు రోజుల్లో షిఫ్ట్ వదిలే టైమ్‌కి జీడిమెట్ల, బొల్లారం, పరవాడ గేట్ల దగ్గరికి వెళ్లి వాళ్లని అడగండి, చాలా తెలుస్తాయి.

ఇట్లు,
ఒక సీనియర్ కెమిస్ట్, బాచుపల్లి, హైదరాబాద్
(దయచేసి పేరు వేయొద్దు)