హెబ్రాన్ పిల్లలు ఎందుకు లేటవుతారంటే

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ పాఠకుల లేఖల్లో ఒకాయన పాలస్తీనా పిల్లలకు రాళ్లు విసరడం తప్ప చదువుసంధ్యలు లేవని రాశారు. నేను రిటైరైన లెక్కల టీచర్ని. 2018లో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా పాలస్తీనా ప్రాంతమైన వెస్ట్ బ్యాంక్‌లోని హెబ్రాన్ అనే ఊళ్లో ఉన్నాను. పిల్లల చేత ఇంగ్లిష్ మాట్లాడించడానికి, పొద్దున బడికి వాళ్లతో కలిసి నడవడానికి వలంటీర్లు కావాలంటే వెళ్లాను. రాళ్లు విసరడం చూడలేదనను. రెండుసార్లు చూశాను. రోజూ చూసింది మాత్రం వేరే.

ముందు నా సంగతి చెప్పాలి. సికింద్రాబాద్‌లో పనిచేసినన్నాళ్లూ పిల్లలు నన్ను చాటుగా 'గేటు టీచర్' అనేవాళ్లు. ప్రార్థన మొదలవగానే గేటుకు తాళం వేసేదాన్ని. బస్సు రాలేదన్నా వినేదాన్ని కాదు, నల్లా నీళ్లు పట్టి వచ్చానన్నా వినేదాన్ని కాదు. ఒక ఏడో తరగతి అమ్మాయిని గంటసేపు ఎండలో నిలబెట్టాను. ఆ పిల్ల పేరు ఇప్పటికీ గుర్తుంది. ఎందుకు లేటైందో మాత్రం తెలీదు, అడగలేదు కాబట్టి.

హెబ్రాన్‌ను అక్కడివాళ్లు అల్ ఖలీల్ అంటారు. 1997 ఒప్పందంతో ఊరు రెండు ముక్కలైంది. హెచ్1 పాలస్తీనా వాళ్ల చేతిలో, హెచ్2 ఇజ్రాయెల్ సైన్యం చేతిలో. పాతబస్తీ హెచ్2లోకే వచ్చింది. మన చార్మినార్ దగ్గర ఒక పెద్ద బజారుంది అనుకోండి. దాని దుకాణాల తలుపులకు వెల్డింగ్ కొట్టి, చాలామేర ఆ ఊరివాళ్లనే అందులో నడవొద్దంటే ఎలా ఉంటుంది? షుహదా వీధి అలా ఉంటుంది.

నేను తోడు వెళ్లిన పిల్లలు ఆ వీధి మొదట్లో ఉన్న చెక్‌పోస్టు దాటాలి. ఒక్కొక్కరే పట్టే తిరుగుడు గేటు, దాని తరవాత లోహం ఉంటే కూత పెట్టే యంత్రం. కంపాస్ బాక్సు ఉన్న ప్రతి పిల్లకూ అది కూస్తుంది. బాక్సు తెరిచి వృత్తలేఖినిని చూపించాలి. ఒక్కోరోజు ఐదు నిమిషాల్లో పని అయిపోతుంది, ఒక్కోరోజు నలభై పడుతుంది. ఎందుకో ఎవరూ చెప్పరు. ఒకరోజు అక్కడ నిలబడ్డ సైనికుడికి పంతొమ్మిదేళ్లుంటాయేమో, నా పాస్‌పోర్టు చూడగానే మొహం విప్పారింది. సైన్యంలో గడువు తీరగానే కసోల్ వెళ్తాడట, చలికాలంలో మంచు ఎంత పడుతుందని అడిగాడు. నేను హిమాచల్ మొహమే చూడలేదు బాబూ అన్నాను. మంచి పిల్లాడే. మా మాటలు అయ్యేదాకా నా వెనక పదకొండు మంది పిల్లలు నిలబడే ఉన్నారు.

బడిలో హాజరు రెండుసార్లు పిలిచేవారు, గంట కొట్టాక ఒకసారి, మొదటి పీరియడ్ చివర మళ్లీ. అబ్బాయిలు 'హాదిర్' అంటారు, అమ్మాయిలు 'హాదిరా' అంటారు. మన హాజరే అది! కుర్చీని కుర్సీ అంటారు, కలాన్ని ఖలమ్, హక్కును హఖ్. హైదరాబాద్ మనిషికి సగం అరబ్బీ వచ్చినట్టేనని మురిసిపోయాను కానీ రెండో రోజుకే ఆ సంబరం దిగిపోయింది. మొదటి పీరియడ్‌లో కొత్త పాఠం చెప్పరు, నిన్నటి లెక్కలే మళ్లీ చేయిస్తారు. లేటుగా వచ్చిన పిల్ల వెళ్లి తన చోట కూర్చుంటుంది. ఎవరూ ఏమీ అడగరు. ఇక లెక్కలంటారా, సమీకరణం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, ఎక్స్ ఉండాల్సిన చోట సీన్ అనే అక్షరం ఉంటుంది. ముప్పై మూడేళ్ల సర్వీసున్న నేను ఎనిమిదో తరగతి లెక్క ముందు బిక్కమొహం వేశాను.

నేనున్న ఇంట్లో పిల్లలు నన్ను 'ఖాల్తో' అనేవాళ్లు, మా మల్కాజ్‌గిరి వీధిలో 'ఖాలా' అన్నట్టే. నేను మాంసం ముట్టనని తెలిసి ఇంటావిడకు ఒకటే టెన్షన్. మూడు రోజులు పప్పుచారు లాంటిదేదో పెట్టి, నాలుగో రోజు వేయించిన వంకాయ, గోబీ, బియ్యం పొరలుగా పేర్చి వండి, గిన్నెను పళ్లెంలో బోర్లించింది. మఖ్లూబా అంటే బోర్లించినదనే అర్థం. చింతపండు షర్బత్‌ను వాళ్లు 'తమర్ హిందీ' అంటారు, అంటే హిందూదేశపు ఖర్జూరం. దాంతో మేం చారు కాస్తామంటే నమ్మలేదు. కాచి ఇస్తే పెద్దాయన కళ్లు మూసుకుని మందు తాగినట్టు తాగాడు. డాబా మీద నల్ల ట్యాంకులుంటాయి, నీళ్లొచ్చిన రోజే బట్టలు ఉతుకుతారు. అది నాకేం కొత్త కాదు.

సాయంత్రాలు వాళ్లింట్లో మాటలన్నీ తౌజీహీ చుట్టూ తిరిగేవి. అది పన్నెండో తరగతి చివరి పరీక్ష, మన ఇంటర్ అనుకోండి. ఫలానా వాళ్లబ్బాయికి ఎంత వచ్చింది, మెడిసిన్‌కు ఎంత కావాలి, ట్యూషన్ ఎక్కడ బాగుంటుంది. కళ్లు మూసుకుంటే దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్నట్టే ఉండేది. అప్పుడు ఎనిమిదిలో ఉన్న వాళ్ల చిన్నమ్మాయి 2023లో ఆ పరీక్ష గట్టెక్కింది. మార్కుల కాగితం, పెద్ద పళ్లెం నిండా కునాఫా అనే మిఠాయి ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపారు. ఆ మరుసటేడు యుద్ధం వల్ల గాజాలో సుమారు 39 వేల మంది ఆ పరీక్షే రాయలేకపోయారు.

ఇంటావిడ కూడా టీచరే. ఈమధ్య ఫోన్ చేస్తే జీతం సగమే వస్తోందని చెప్పింది. అక్కడ దిగుమతి సరుకుల మీద పన్నులు ఇజ్రాయెల్ వసూలు చేసి పాలస్తీనా ప్రభుత్వానికి ఇవ్వాలి. అది ఆగినప్పుడల్లా ముందు కోత పడేది ఉద్యోగుల జీతాలకే. బడి కూడా వారానికి మూడు నాలుగు రోజులకే పరిమితమైందట.

ఆ లేఖ రాసినాయనతో నాకు తగువేం లేదు. మనం ఇద్దరం చదివేది మీ పత్రికే కదా. అందులో పాలస్తీనా వచ్చిందంటే ఒక అంకె, పక్కన పొగ ఫోటో ఉంటాయి. ఇంటర్ ఫలితాలొస్తే మీరు పేజీలకు పేజీలు వేస్తారు. వచ్చే వేసవిలో తౌజీహీ ఫలితాలు వచ్చిన రోజు, ఎంతమంది రాశారు, ఎంతమంది పాసయ్యారు అని ఆ పేజీ కింద నాలుగు లైన్లు వేయగలరా?

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
మల్కాజ్‌గిరి, హైదరాబాద్